బొంగరం ఎందుకు పడదు, సంక్రాంతి తేదీ ఎందుకు జరుగుతది: ప్రెసెషన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండల ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్తా. రొటేషన్ చాప్టర్ మొదలుపెట్టిన్నంటే ప్రతి బ్యాచ్‌ల అవే ప్రశ్నలు, పాత స్టూడెంట్లు ఫోన్ చేసి అడిగేవీ అవే, మొన్న పండుగకు ఊరికి పోతే మా మేనమామ గూడ తిప్పి తిప్పి అదే లైన్‌లకు వచ్చిండు, అందుకే అన్నీ ఒక్కదగ్గర రాసి పెడ్తున్న. లెక్కలు తక్కువే ఉంటయి, ఉన్నకాడ మాత్రం దాటేయకుండ్రి.

ప్రెసెషన్ అంటే ఒక్క మాటల ఏంది సార్?

తిరుగుతున్న వస్తువు ఇరుసే మళ్ల ఇంకో గీత చుట్టూ నిదానంగ తిరగడం. బొంగరం ఇసిరినంక జర ఒరిగి తల గుండ్రంగ తిప్పుకుంట ఉంటది చూడు, అదే. తన చుట్టూ తాను గిర్రున తిరిగేది స్పిన్, తల మెల్లగ తిప్పేది ప్రెసెషన్. భూమి విషయంల దీన్నే మన పుస్తకాలు విషువచ్చలనం అంటయి, పేరు పెద్దగుంది గని పని అదే.

గుండ్రంగ తిరిగే దానికి దిక్కెక్కడిది? ప్రతి క్షణం దిక్కు మారుతనే ఉంటది కదా?

చక్రం అంచు మీద సున్నంతో ఒక చుక్క పెడితే ఆ చుక్క పోయే దిక్కు మారుతనే ఉంటది, నిజమే. మారంది ఒక్కటే, ఇరుసు. అందుకే కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు ఎంత ఉంది, ఏ ఇరుసు మీదుంది అని చెప్పేది) అనే బాణాన్ని ఇరుసు వెంబడి గీస్తరు. ఇరుసుకు రెండు కొసలుంటయి, ఏ కొస దిక్కు గీయాలె అంటే కుడిచేతి వేళ్లను చక్రం తిరిగే దిక్కుకు ముడిస్తే బొటనవేలు ఎటు చూపిస్తే అటు. నాకైతే బోల్టు లెక్క గుర్తుపెట్టుకుంటేనే ఈజీ, బిగించే దిక్కుకు తిప్పితే లోపలికి పోతది, ఇప్పే దిక్కుకు తిప్పితే బయటికొస్తది, బోల్టు ఎటు కదిలితే బాణం అటు. ఇది మనం పెట్టుకున్న ఒప్పందం మాత్రమే, లోకమంత ఎడమచెయ్యి వాడుకున్నా బొంగరం తిరిగేది తిరిగినట్టే తిరుగుతది. ఈ బాణాన్ని ఇక్కడి నుంచి ఎల్ అంట. దాని పొడుగు అంటే జడత్వ భ్రామకాన్ని (వస్తువు తిప్పుడుకు ఎంత మొండికేస్తదో చెప్పే కొలత) తిరుగుడు స్పీడుతో గుణిస్తే వచ్చేది.

ఒరిగిన బొంగరాన్ని భూమి కిందికి గుంజుతనే ఉంది కదా, మరి పడదేంది? గ్రావిటీ బంద్ అయితదా?

బంద్ కాదు. బొంగరం తిరిగినా తిరగకపోయినా బరువు అంతే, టార్క్ (వస్తువును ఒక ఇరుసు చుట్టూ తిప్పాలని చూసే గుంజుడు) గూడ అంతే. తేడా ఎక్కడుందంటే ఆ టార్క్ దేన్ని మారుస్తుంది అనే దగ్గర.

రూల్ ఒక్కటే: టార్క్ ఎటు చూస్తే ఎల్ బాణం కొన అటు జరుగుతది. టార్క్‌కూ దిక్కుంటది, అది బరువు గుంజే దిక్కు కాదు, ఇక్కడనే తొంభై శాతం మంది పిల్లలు బోల్తా పడ్తరు. బొంగరం నీ నుంచి దూరంగ అవతలికి ఒరిగింది అనుకో. బరువు కిందికి గుంజుతుంది. ఆ గుంజుడు బొంగరాన్ని ఏ ఇరుసు చుట్టూ పడేయాలని చూస్తుంది? నీకు ఎడమ నుంచి కుడికి నేల మీద పడుకున్న ఒక గీత చుట్టూ. అంటే టార్క్ బాణం ఎడమ-కుడి గీత మీదుంది, కిందికీ లేదు, అవతలికీ లేదు.

తిరగని బొంగరానికి ముందే ఉన్న ఎల్ అంటూ ఏం లేదు, సున్న. సున్నకు ఆ ఎడమ-కుడి బాణం కలిస్తే వచ్చేది ఆ గీత చుట్టూ తిరుగుడే, అంటే పడుడు. తిరిగే బొంగరానికి ముందే ఇరుసు వెంబడి పొడుగాటి ఎల్ ఉంది. దాని కొనకు చిన్న అడ్డం ముక్క కలిస్తే బాణం జర పక్కకు తిరుగుతది, అంతే. పక్కకు తిరిగినంక బొంగరం ఒరిగిన దిక్కు మారింది, దాంతోటి టార్క్ దిక్కు గూడ మారింది, మళ్ల అడ్డమే. ఎప్పుడు చూసినా టార్క్ ఎల్‌కు అడ్డంగనే ఉంటది కాబట్టి ఎల్ పొడుగు పెరగదు తగ్గదు, కొన గుండ్రంగ తిరుగుతనే ఉంటది.

ఇంకా నమ్మబుద్ధి కాకపోతే జొన్నచేను మంచె మీద ఒడిసెల తిప్పేటోన్ని యాది చేసుకో. తాడు రాయిని చేతి దిక్కే గుంజుతది, ఒక్క క్షణం గూడ వేరే దిక్కుకు గుంజదు, అయినా రాయి చేతికి వచ్చి తగులుతదా? రాయికి అప్పటికే అడ్డంగ వేగం ఉంది, గుంజుడంత ఆ వేగం దిక్కు మార్చడానికే ఖర్చయితది. బొంగరంల వేగం జాగల ఎల్ పెట్టు, గుంజుడు జాగల టార్క్ పెట్టు, కథ అచ్చం అదే.

అయితే అసలు కొంచెం గూడ కిందికి రాదా?

వస్తది! ఇది చాలా పుస్తకాలు దాచిపెడ్తయి. తిరిగే చక్రాన్ని పట్టుకొని ఒక్కసారి వదిలితే మొదట కొంచెం కిందికి దిగి, దిగుకుంట పక్కకు కదలడం మొదలుపెడ్తది, తర్వాత పైకీ కిందికీ చిన్నగ ఊగుతది. ఆ ఊగుడును న్యూటేషన్ అంటరు, రాపిడితో తొందరగ సచ్చిపోతది కాబట్టి మన కంటికి సాఫీగ తిరుగుతున్నట్టే కనిపిస్తది. ఆ కొంచెం దిగుడు ఎందుకంటే, పక్కకు కదలడానికి శక్తి కావాలె కదా, అది ఎవడన్న ఊరికె ఇస్తడా, దిగిన ఎత్తు నుంచే వచ్చింది.

ఇంట్ల చేసి చూడొచ్చా?

సైకిల్ షాపుల పాత ముందు చక్రం అడుగు. ఇరుసుకు ఒక పక్క పైపు ముక్క గట్టిగ బిగించి, చక్రం నడిమి నుంచి 10 సెంటీమీటర్ల దూరంల తాడు కట్టి దూలానికి వేలాడదియ్యి. చక్రాన్ని నిలువుగ పట్టుకొని ఇరుసు అడ్డంగ ఉండేటట్టు జోరుగ తిప్పి, మెల్లగ వదులు. పడాలె కదా, పడదు, తాడు చుట్టూ నిదానంగ తిరుగుతది. నేను మొదటిసారి చూసినప్పుడు తాడు ఎక్కడో ఇంకో దగ్గర కట్టి మోసం చేస్తున్నరు అనుకున్న. వేళ్లు మాత్రం పుల్లల మధ్యకు పోనియ్యకుండ్రి.

లెక్క గూడ చేద్దాం. టైరుతో కలిపి 2 కేజీలు, వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, బరువంత అంచు మీదనే ఉంది అనుకుంటే జడత్వ భ్రామకం 0.18. సెకనుకు 5 చుట్లు అంటే 31.4 రేడియన్లు (కోణం కొలత, ఒక చుట్టుకు 6.28), ఎల్ దాదాపు 5.65. టార్క్ అంటే 2 ఇంటూ 9.8 ఇంటూ 0.1, అంటే 1.96. ప్రెసెషన్ స్పీడు అంటే టార్క్‌ను ఎల్‌తో భాగిస్తే వచ్చేది, 0.35 రేడియన్లు సెకనుకు. ఒక చుట్టుకు 18 సెకన్లు. వాచ్ పట్టుకొని చూడు, మరీ కరెక్టుగ రాదు గని ఆ చుట్టుపక్కలనే ఉంటది.

స్పీడు తగ్గేకొద్ది బొంగరం తల ఇంకా జోరుగ తిప్పుతది, ఇది ఉల్టా కదా?

ఉల్టా ఏం లేదు, పైన భాగహారం చూడు, ఎల్ కిందున్నది. పైన చక్రం స్పీడు సగానికి, అంటే సెకనుకు రెండున్నర చుట్లకు పడిపోతే ఎల్ సగం, టార్క్ అంతే, అందుకని 18 సెకన్ల చుట్టు 9 సెకన్లకే అయిపోతది. బొంగరంల అయితే స్పీడు తగ్గేకొద్ది ఇంకా ఒరుగుతది గూడ, చివరికి ఈ సూత్రమే పనిచెయ్యదు, ఎందుకంటే స్పిన్ చాలా ఎక్కువ, ప్రెసెషన్ చాలా తక్కువ అనుకొని రాసిన సూత్రం ఇది. అప్పుడు నేలకు రాసుకొని పోయి మూలకు పడ్తది.

కోణీయ ద్రవ్యవేగం మారదు, నిత్యం అంతే ఉంటది అని చెప్పిండ్రు, ఇప్పుడు దిక్కు మారుతది అంటున్నరు, ఏది నిజం?

రెండూ. బయటి టార్క్ లేనప్పుడే ఎల్ మారదు, పొడుగూ మారదు దిక్కూ మారదు. బొంగరానికి బయటి టార్క్ ఉంది, నేల పైకి నెడుతుంది, బరువు వేరే దగ్గర కిందికి గుంజుతుంది. అందుకని మారుతది. మొత్తం ఖాతా చూడాలంటే భూమిని గూడ కలుపుకోవాలె, బొంగరం ఎల్ ఎంత మారితే భూమి ఎల్ అంత ఉల్టా మారుతది, భూమి అంత పెద్దది కాబట్టి మనకు తెల్వదు. మార్కులు పోయేది ఎక్కడంటే "ఎల్ పొడుగు మారలేదు కాబట్టి ఎల్ స్థిరం" అని రాస్తరు. సదిశ (పొడుగుతో పాటు దిక్కు గూడ ఉన్న రాశి) అన్నంక దిక్కు మారినా మారినట్టే.

ప్రెసెషన్ సవ్యంగ తిరుగుతదా, అపసవ్యంగనా? ఎట్ల చెప్పాలె?

నేల మీద బొంగరం అయితే స్పిన్ ఎటో ప్రెసెషన్ గూడ అటే. తాడు ఉల్టా చుట్టి ఇసిరితే రెండూ ఉల్టా అయితయి. బట్టీ పట్టకుండ్రి, టార్క్ బాణం గీసి ఎల్ కొనను అటు జరుపుండ్రి, ఎందుకంటే కింద భూమి దగ్గరికి వచ్చేసరికి ఇదే ఉల్టా అయితది.

రోజూ చేతికి తగిలే ఉదాహరణ ఏమన్న ఉందా?

తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ను ఎత్తుకొని ఈ గదిల నుంచి ఆ గదిలకు పోండ్రి. మూలమలుపుల ఫ్యాన్‌ను పక్కకు తిప్పుతుంటే అది తల ఊపినట్టు పైకో కిందికో ఒరగాలని చూస్తది, చేతికి తెలుస్తది. నువ్వు ఎల్‌ను పక్కకు తిప్పాలె అంటే దానికి టార్క్ అడ్డంగ ఇయ్యాలె, నువ్వు ఇయ్యకపోతే అది నీ చేతిల నుంచి గుంజుకుంటది. గ్రానైట్ కోసే చేతి గ్రైండర్ పట్టుకునేటోళ్లకు ఇది ఇంకా బాగా ఎరుక, నిమిషానికి 11 వేల చుట్లు తిరిగే బ్లేడు ఉన్న మిషన్‌ను మణికట్టుతో ఒక దిక్కుకు తిప్పితే అది ఇంకో దిక్కుకు మర్లుతది. వాళ్లు సూత్రం చదువలే, అయినా రెండు చేతులతో గట్టిగ పట్టుకుంటరు.

సైకిల్ పడకుండ నడిచేది దీని వల్లనే అంటరు?

సగం మాటనే. చక్రాల జైరోస్కోప్ ప్రభావం (తిరిగే చక్రం ఎల్ వల్ల వచ్చేది) ఉంది గని చిన్నది. 2011ల సైన్స్ పత్రికల వచ్చిన ఒక ప్రయోగంల పరిశోధకులు ఉల్టా తిరిగే చక్రాలు జోడించి ఆ ప్రభావాన్ని కొట్టేసి చూసిండ్రు, అయినా ఆ సైకిల్ తనంతట తాను నిలబడి పోయింది. బరువు ఎక్కడెక్కడ పంచి ఉంది, ఒరిగిన దిక్కుకే హ్యాండిల్ తిరగడం, ఇవన్నీ కలిసి పనిచేస్తయి.

ఫోన్ ఎగరేస్తే గాల్ల మర్లుతది, అది గూడ ప్రెసెషనేనా?

చుట్టమే గని వేరే. ఫోన్ వద్దు, రబ్బరు బ్యాండు వేసిన నోట్‌బుక్ తీసుకో. అట్ట నీకు కనిపించేటట్టు కింది అంచు పట్టుకొని, దోసె తిరగేసినట్టు ఎగరెయ్యి. ఒక పల్టీ కొట్టి చేతికొచ్చేసరికి పక్కకు గూడ సగం మర్లి ఉంటది, వెనక అట్ట కనిపిస్తది. మిగతా రెండు ఇరుసుల చుట్టూ ఎగరేస్తే ఇట్ల కాదు, నడిమి ఇరుసుకే ఈ రోగం. అంతరిక్షంల రెక్కల నట్టు ఒకటి ఇట్లనే పల్టీలు కొట్టుడు చూసిన రష్యన్ వ్యోమగామి పేరు మీద జానిబెకోవ్ ఎఫెక్ట్ అంటరు, అది 1985 ముచ్చట.

ఇక్కడ గాల్ల పుస్తకం మీద టార్క్ లేదు, ఎల్ బాణం ఆకాశంల ఒక్కదిక్కే చూస్తది, కదలదు. కదిలేది పుస్తకం తిరిగే ఇరుసు. బొంగరంల టార్క్ ఎల్‌ను తిప్పుతది, ఇక్కడ ఎల్ చుట్టూ పుస్తకం తిరుగుతది. ఈ తేడా తెల్వక దెబ్బతిన్నది 1958ల అమెరికా పంపిన మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1. పెన్సిల్ లెక్క పొడుగ్గ ఉండేది, పొడుగు ఇరుసు చుట్టూ తిప్పి వదిలిండ్రు, దాని మీద మెత్తటి యాంటెన్నాలు ఊగి శక్తి తిన్నయి, ఎల్ అంతే ఉంది గని శక్తి తగ్గింది, చివరికి అడ్డంగ పల్టీలు కొట్టుకుంట తిరిగింది. మన ఆర్యభట్టను 1975ల పంపినప్పుడు గూడ తిప్పే నిలబెట్టిండ్రు, ఆ ఉపాయం నడిచింది.

ఆస్పత్రిల ఎమ్మారైకి దీంతో సంబంధం ఉందంటరు?

ఉంది. మన ఒంట్లె నీళ్లల్ల ఉన్న హైడ్రోజన్ కేంద్రకం ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతం, దానికి స్పిన్ గూడ ఉంది. పెద్ద అయస్కాంతంల పెడితే బరువు జాగల అయస్కాంత టార్క్ వస్తది, కేంద్రకం బొంగరం లెక్క తల తిప్పుతది. 1 టెస్లాకు (టెస్లా అంటే అయస్కాంతం బలం కొలత) సెకనుకు 4 కోట్ల 25 లక్షల పైచిలుకు చుట్లు, 1.5 టెస్లా మిషన్‌ల దాదాపు 6 కోట్ల 39 లక్షలు. అదే లెక్కల రేడియో తరంగం పంపితే కేంద్రకాలు దానికి పలుకుతయి, ఆ పలికింది పట్టుకొని బొమ్మ గీస్తరు.

భూమి ప్రెసెషన్ ఎందుకు? దాన్ని ఎవరు గుంజుతున్నరు?

భూమి నిఖార్సు గుండు కాదు, నడుం దగ్గర ఉబ్బింది. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6357, తేడా 21 కిలోమీటర్లు. ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది కాబట్టి ఆ ఉబ్బు సూర్యుడు, చంద్రుడు ఉండే తలానికి ఏటవాలుగ ఉంటది. దగ్గరున్న ఉబ్బును ఎక్కువ, అవతలి ఉబ్బును తక్కువ గుంజుతరు, దాంతో టార్క్ పుడ్తది. చంద్రుని వాటా సూర్యుని వాటాకు దాదాపు రెట్టింపు. ఇదంత 1687ల న్యూటన్ విడమర్చి చెప్పిండు, గని చుక్కలు జరుగుతున్నయి అని కనిపెట్టింది క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంల హిప్పార్కస్ అనే గ్రీకు పండితుడు, దుర్భిణి లేని కాలంల.

ఇప్పుడు పైన చెప్పిన ఉల్టా సంగతి. బొంగరాన్ని బరువు ఇంకా ఒరగబెట్టాలని చూస్తది, భూమిని సూర్యచంద్రులు నిటారుగ నిలబెట్టాలని చూస్తరు. టార్క్ దిక్కు తిరగబడింది, అందుకని ప్రెసెషన్ గూడ స్పిన్‌కు ఉల్టా. ఒక చుట్టుకు దాదాపు 26 వేల ఏండ్లు, 72 ఏండ్లకు ఒక డిగ్రీ. న్యూటేషన్ గూడ ఉంది, 18.6 ఏండ్లకొకసారి, దాన్ని బ్రాడ్లీ అనే ఇంగ్లీషు ఖగోళ పండితుడు 1748ల బయటపెట్టిండు.

దీంతో మనకు ఒరిగేదేంది, సంక్రాంతి తేదీ అయినా మారుతదా?

మా మేనమామ అడిగిన ప్రశ్న ఇదే: "అల్లుడా, ఉత్తరాయణం అంటె పొద్దు ఉత్తరం దిక్కు మర్లుడు కదా, మరి డిసెంబర్ నుంచే పగలు పెద్దగైతుంది, పండుగ జనవరిల ఎందుకొస్తదిరా?" ఆయన ఏడో తరగతి దాక చదివిండు, ప్రశ్న మాత్రం మా బ్యాచ్‌ల ఎవ్వడూ అడుగలే.

పొద్దు మర్లేది డిసెంబర్ 21, 22న, అది భూమి ఇరుసు ఒరుగుడు మీద ఆధారపడ్డది. మన పంచాంగంల మకర సంక్రమణం చుక్కల్ని చూసి లెక్కగట్టేది. ఇరుసు మెల్లగ తిరుగుతుంది, చుక్కలు అట్లనే ఉన్నయి, అందుకని రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది, ఆ ఎడాన్నే అయనాంశ అంటరు. మేఘనాద్ సాహా అనే శాస్త్రవేత్త అధ్యక్షుడిగ ఉన్న క్యాలెండర్ సంస్కరణ కమిటీ 1956 మార్చి 21కి దాన్ని 23 డిగ్రీల 15 నిమిషాలు (అంటే 23.25 డిగ్రీలు) అని ఖాయం చేసింది, ఇప్పుడు 24 దాటింది. రోజుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున సూర్యుడు జరుగుతడు కాబట్టి 24 డిగ్రీలంటే 24 రోజులు, డిసెంబర్ 21కి 24 కలుపు, జనవరి 14. వెనక్కి లెక్కిస్తే క్రీస్తుశకం 285 ప్రాంతంల రెండూ ఒక్కరోజే.

నమ్మకం రాకుంటే ఇంకో సాక్ష్యం: వివేకానందుడు పుట్టింది 1863 జనవరి 12, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు 14, కొన్ని ఏండ్లు 15. పంచాంగం తప్పు అని నేను అనను, చుక్కల లెక్క వేరు, రుతువుల లెక్క వేరు, పేరు మాత్రం ఒక్కటే అయి కూసుంది.

ముడుమాల్ నిలువురాళ్లు సూర్యుని చూసి పెట్టినయి అంటరు కదా, ప్రెసెషన్ వల్ల అవి ఇప్పుడు తప్పయినట్టేనా?

ముడుమాల్ ఊరు కృష్ణ మండలంల ఉంది, ఒకప్పుడు మన పాలమూరు జిల్లా, ఇప్పుడు నారాయణపేట. 2025ల యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. రాళ్లు దాదాపు మూడున్నర వేల ఏండ్ల కిందివని పరిశోధకులు చెప్తరు, పొద్దు మర్లే రోజుల్ల సూర్యోదయానికి వరుసలు సరిపోతయి అంటరు, ఒక రాయి మీద సప్తర్షి మండలం లెక్క గుంటలు చెక్కి ఉన్నయి.

మజా ఏందంటే సూర్యోదయం వరుసలను ప్రెసెషన్ పాడుచెయ్యదు. పొద్దు మర్లే రోజు సూర్యుడు ఎంత దూరం పోయి మర్లుతడు అనేది ఇరుసు ఎంత ఒరిగింది అనే దాని మీద ఉంటది, ఎటు ఒరిగింది అనే దాని మీద కాదు. ఆ ఒరుగుడు ఈ మూడున్నర వేల ఏండ్లల్ల అర డిగ్రీ లోపే తగ్గింది, అంటే సూర్యబింబం వెడల్పంత. గని ఇరుసు తిరుగుడు వల్ల మనకు చుక్కలు మాత్రం ఘోరంగ జరిగినట్టు కనిపిస్తయి, 50 డిగ్రీల దాక. ఆ రాళ్లు నిలబెట్టినోళ్లు రాత్రి ఉత్తరం చూస్తే ఇప్పటి ధ్రువ నక్షత్రం అక్కడ లేదు, ఆకాశం వేరే బిందువు చుట్టూ తిరిగేది. సప్తర్షి మండలం ఆ బిందువుకు ఇప్పటికంటే దగ్గరుండేది.

మరి మన జన్మల ఈ మార్పు చూడొచ్చా?

కంటితో కష్టం. నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీదుంది కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తరం దిక్కు నేల నుంచి 17 డిగ్రీల ఎత్తుల ఉంటది, చెయ్యి చాపి పిడికిలి పెడితే దాదాపు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ల లోపే. ఊరి లైట్లు దాటి దేవరకొండ రోడ్డు దిక్కు పోతే మంచిగ కనిపిస్తది. అది ఇప్పుడు అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీ లోపు ఉంది, ఇంకా దగ్గరికొస్తుంది, 2100 ప్రాంతంల అన్నిటికన్న దగ్గరుండి తర్వాత దూరం పోతది. ఇంకో 12 వేల ఏండ్లకు ఆ దిక్కు అభిజిత్తు (వేగా అనే చుక్క) ఉంటది. 72 ఏండ్ల మనిషి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాక విషువత్తు (పగలు రాత్రి సమానమైన రోజు సూర్యుడు ఉండే బిందువు) జరిగింది ఒక్క డిగ్రీ, అంటే రెండు చందమామలను పక్కపక్కన పెడితే ఎంతో అంత.